అన్నము, సేద్యము, నీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



పుస్తకముల యింటి పండుగనాడు అన్నమును గూర్చియు, పొలమును గూర్చియు, నీటిని గూర్చియు ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఊరు నిలిచిన చోటనే గ్రంథాలయము నిలుచును. ఊరు నిలుచుటకు అన్నము కావలెను. అన్నమునకు సేద్యము, సేద్యమునకు నీరు కావలెను. నీటిని పంచుకొనుట నేర్చిన జనసమూహమునకే ఊరని పేరు. ఉన్న అన్నమును పంచుకొని తినువారికే కుటుంబమని పేరు. ఈ రెండు మాటలలోని సత్యమును తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. నిజామాబాదు, బోధను ప్రాంతపు గత నూరేండ్ల చరిత్రను తిరుగవేసిన చాలును.

బోధను పట్టణమే భారతకథలోని ఏకచక్రపురమని ఈ ప్రాంతపు పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. పండితులు ఈ ఊరిని ప్రాచీన అశ్మక జనపదమునకు రాజధానియగు పోదనపురముగా గుర్తింతురు. చరిత్ర మాట యట్లుండ, స్థలపురాణము మాత్రము ఆహారమును గూర్చిన కథయే. బకాసురుడు ఊరిమీద పడి తినుచుండగా ప్రజలు వానితో ఒడంబడిక చేసికొనిరి. వంతులవారిగా ఒక్కొక్క యింటివారు బండెడు అన్నము, రెండు దున్నపోతులు, ఒక మనుష్యుని పంపవలెను. పాండవులకు ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుని యింటికి వంతు వచ్చెను. తండ్రి తాను పోదుననెను. తల్లి తాను పోదుననెను. కూతురు తాను పోదుననెను. మాటలింకను సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి, దీనితో రాక్షసుని చంపుదునని ముద్దుపలుకులు పలికెను. పిదప భీముడు పోయి బకుని వధించిన సంగతి అందరెరిగినదే.

ఈ కథలో గమనింపదగినది భీముని బలమొక్కటియే కాదు. ఆ యింటిలోని నలుగురును ఒకరికొరకొకరు ముందునకు వచ్చిరి. ఊరివారు మాత్రము నేడు వారి వంతు, తమది కాదని తలుపులు మూసికొనిరి. కుటుంబధర్మము గడప దాటి ఊరిధర్మము కాలేకపోయెను. వంతు అను మాటకు రెండర్థములు గలవు. అందరును బ్రదుకుటకై ఏర్పరచుకొనిన వంతు ఒకటి. ఒక్కొక్కరుగా నశించుటకు ఒప్పుకొనిన వంతు మరియొకటి. మొదటిది ఊరిని కట్టును. రెండవది ఊరిని కూల్చును.

మొదటి రకపు వంతు ఎట్లుండునో తెలంగాణపు చెరువును చూచిన తెలియును. కట్ట, తూము, మత్తడి, శిఖము, ఆయకట్టు అను అంగములతో కూడిన చెరువు మట్టితో చేసిన పని మాత్రమే కాదు. అది మనుష్యుల నడుమ ఒప్పందము. తూము తెరచి మూయు బాధ్యత నీరడిది. ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో అతడెరుగును. నీరడికి ప్రతిఫలము కళ్లమువద్ద గింజల రూపమున ముట్టుచుండెను. పంట పండిననే అతనికి గింజ. కావున కట్టక్రింది పొలమైనను కొసన నున్న పొలమైనను అతనికి సమానమే. కట్టమీది మైసమ్మకు మ్రొక్కుట, వర్షాకాలమునకు ముందు కాలువలలోని పూడిక తీయుట, గండి పడిన రాత్రి ఇంటికొక మనిషి పలుగు పారలతో పరుగెత్తుట, ఇవన్నియు ఆ ఒప్పందములోని షరతులే.

వానలు తక్కువైన యేట చెరువు సగమే నిండును. అట్టి సమయమున దమాషా అను పద్ధతి కొన్ని గ్రామములలో అమలునందుండెను. ఆయకట్టు మొత్తమును తడుపుటకు ప్రయత్నించి అంతటను ఎండబెట్టుకొనుటకు బదులు, తూమునకు దగ్గరనున్న కొంత భూమిని మాత్రమే ఎన్నుకొని, దానిని ఆయకట్టుదారులందరు తమ తమ భాగముల చొప్పున పంచుకొని ఆ యేటికి సాగు చేసికొందురు. తూము ప్రక్క భూమి కలవాడు తన భూమిలో ఇతరులకు చోటిచ్చును. రేపు తనకు కరవు వచ్చిన వారును ఇత్తురను నమ్మకమే దీనికి పునాది. చదువురాని రైతులు ఏర్పరచుకొనిన ఈ న్యాయమును ఏ ధర్మశాస్త్రమైనను మెచ్చుకొనవలసినదే.

ఆనాటి కుటుంబపు ఆహారముకూడ ఈ నీటి కొలతకు లోబడియే యుండెను. చెరువు క్రింద ఆబి, తాబి పంటలుగా వరి. చెలకలలో జొన్న, మక్క, పెసలు, కందులు, నువ్వులు. దినమును జొన్న గటక, జొన్న రొట్టె; పండుగనాడు వరియన్నము. తెల్లవారుజామున అంబలి త్రాగి పొలమునకు పోయిన పురుషునకు ప్రొద్దెక్కిన పిమ్మట ఇల్లాలు సద్ది తీసికొని పోవుచుండెను. బతుకమ్మ పండుగలో చెరువులోనికి పూలు సాగనంపిన పిమ్మట ఆడపడుచులు సద్దులు పంచుకొను ఆచారము ఈ జీవితములోనుండి పుట్టినదే. నీటికి నమస్కారము, అన్నమునకు పంపకము ఒకే సాయంకాలమున జరుగుట యాదృచ్ఛికము కాదు.

ఈ చిన్న చెరువుల లోకములోనికి ఒక మహాజలాశయము వచ్చెను. మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతములమీదుగా ప్రవహించి, మెదకు సీమను చుట్టి, కందకుర్తివద్ద గోదావరిలో కలియు మంజీరా నదిపై, అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ నిజాంసాగరు నిర్మాణము 1923లో ప్రారంభమై 1931లో పూర్తియయ్యెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఏలుబడిలో, ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున ఇది రూపొందెను. ఇరువది తొమ్మిది టి.ఎం.సి.లకు మించిన జలము, 2,75,000 ఎకరముల ఆయకట్టు, నూట యేబది కిలోమీటర్ల పైచిలుకు ప్రధాన కాలువ ఆనాటి సంకల్పము. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఇందూరను పూర్వనామము గల నిజామాబాదు పట్టణమునకు సమీపమున అలీసాగరు అను చక్కని జలాశయముకూడ ఆ కాలముననే వెలసెను. జలాశయ గర్భమున మునిగిన ఊళ్లవారు పొయ్యిరాళ్లను పెకలించుకొని కదలిపోయిన సంగతిని, కాలువ నీటితో బువ్వ తినువారు మరువరాదు.

కాలువ రాకతో నీటి ఒప్పందము మారెను. నీరడి స్థానమున ప్రభుత్వ శాఖ వచ్చెను. తూము ఊరి చేతిలో లేదు. అది ఎన్నో మైళ్ల దూరమున నున్నది. నీటిపన్నునకు వెరచియో, మాగాణి సేద్యమునకు వలయు పెట్టుబడి లేకయో స్థానికులు కొందరు తమ భూములను స్వల్పపు వెలకు అమ్ముకొనిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి వరిసేద్యమున ఆరితేరిన రైతులు తరలివచ్చి, బోధను, వర్ని, రుద్రూరు, కోటగిరి ప్రాంతములలో భూములు కొని, గుడిసెలు వేసికొని నివసించిరి. ఆ నివాసములకే క్యాంపులని పేరు. ఆ గుడిసెలు డాబాలైనను, తరములు మారినను, ఊరిపేరు చివర క్యాంపు అను మాట నిలిచిపోయెను.

ఆదిలో పాత ఊరికిని క్యాంపునకును నడుమ ఎడము లేకపోలేదు. ఒకరు గోంగూర యనిన దానిని మరియొకరు పుంటికూర యనిరి. ఒకరి మొక్కజొన్న మరియొకరికి మక్క. ఒకరి యింట ఆవకాయ, మరియొకరి యింట పచ్చిపులుసు. అమ్మినవానికి తన భూమి చేజారినదను బాధ. కొన్నవానికి కష్టించి తీర్చిదిద్దిన మడి తనదేయను పట్టుదల. ఈ రెండింటిలోను కొంత న్యాయమున్నది. అయినను ఒకే కాలువకు చివరి రెండు మడులవారైనప్పుడు, నీరు రాని రాత్రి ఇద్దరును ఒకే కట్టమీద కూర్చుండవలసివచ్చెను. నాట్ల సమయమున ఒకే కూలి సమూహమును పిలువవలసివచ్చెను. కాలక్రమమున పాత ఊరిలోని పెండ్లివిందునకు క్యాంపువారును, క్యాంపులోని విందునకు పాత ఊరివారును వచ్చిరి. మాటలు నేర్పలేని ఐకమత్యమును నీరును అన్నమును మెల్లమెల్లగా నేర్పెను.

నీటివెంట చెరకు వచ్చెను. 1937లో నిజాము చక్కెర కర్మాగారపు సంస్థ ఏర్పడి, బోధను ప్రక్కన శక్కర్‌నగరు వెలసెను. ఆ సంవత్సరముననే నిజామాబాదులో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగెను. మాతృభాషలో విద్య, గ్రంథాలయముల స్థాపన, వెట్టి నిర్మూలనము ఆ ఉద్యమపు ఆశయములు. ఒకే జిల్లాలో ఒకే యేట చెరకు గానుగకును, తెలుగు చదువునకును పిలుపు వినబడుట స్మరింపదగినది. కర్మాగారము సొంతముగా విస్తారమైన చెరకు క్షేత్రములను సాగుచేసి, చెరకు తరలించుటకు చిన్న రైలుమార్గమునుగూడ నడపి, ఆసియా ఖండముననే పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా పేరు గడించెను. రుద్రూరులోని పరిశోధన కేంద్రము చెరకు, వరి వంగడములను రైతులకు పరిచయము చేసెను.

చెరకు స్వభావము వరి స్వభావమువంటిది కాదు. వరి నాలుగైదు నెలల చుట్టము. చెరకు ఏడాది పొడుగున పొలమున నుండును. దానికి దాహమెక్కువ. నరికిన గడ నిలువయున్నకొలది అందలి చక్కెర క్షీణించును. ఒక దినములోపల గానుగ చేరిన మంచిది. టన్ను చెరకునుండి సుమారు తొంబదినుండి నూరు కిలోల చక్కెర వచ్చును. పిప్పి మరల బాయిలర్లకు వంటచెరకగును. మొలాసిస్ అను చిక్కని పాకమునుండి సారాయము తీయుదురు. ఇంత త్వరగా చెడు పంటను ఇంట దాచుకొనుట సాధ్యము కాదు. కావున చెరకు రైతు కర్మాగారముతో ముడిపడినవాడు. నరుకుడు ఉత్తరువు వచ్చు దినము అతని పండుగ. రాని దినము అతని జాగరణము.

ఈ ముడి కుటుంబమునందు తెచ్చిన మార్పును గూర్చి పెద్దలంతగా ఆలోచింపలేదు. వడ్లు, జొన్నలు గుమ్మిలోనికి వచ్చును. గుమ్మి ఇల్లాలి యేలుబడి. ఎన్ని సోలలు వండవలెను, ఎన్ని విత్తనమునకు దాచవలెను, బిచ్చగానికెంత, ఆడబిడ్డకెంత అను నిర్ణయము ఆమెది. చెరకు మాత్రము గుమ్మికి రాదు. తూకపు చీటీగా మారి పురుషుని జేబులోనికి వచ్చును. ఆ చీటీ డబ్బుగా మారుటకు నెలలు పట్టును. డబ్బు వచ్చిన యేట కూతురి పెండ్లి, కొత్త యెడ్లు, పక్కా యిల్లు. ఆలస్యమైన యేట అప్పు. చెరకు ఈ ప్రాంతమునకు పాఠశాలలను, కళాశాల చదువులను, మిద్దెలను ఇచ్చిన మాట సత్యము. అన్నపు తాళపుచెవి అమ్మ కొంగునుండి అయ్య జేబునకు మారిన మాటయు సత్యమే.

కాలము గడచిన కొలది నీటి వనరు కుంచించుకొనిపోయెను. మంజీరా తెచ్చిన ఒండ్రు నిజాంసాగరు గర్భమున పేరుకొనెను. 1970 దశకమున నీటిమట్టమును పెంచిన తరువాతకూడ దాని సామర్థ్యము 17.8 టి.ఎం.సి. మాత్రమే. ఎగువన సింగూరు జలాశయము నిర్మింపబడి హైదరాబాదు నగరపు దాహము తీర్చినది. నగరవాసియు దప్పిగొన్నవాడే, అతని దోసిలి తప్పు కాదు. కాని దిగువ ఆయకట్టు రైతునకు కాలువలో నీటికి బదులు ఎదురుచూపు పారెను. 2016 వేసవిలో మంజీరా ఎగువ పరీవాహమునందలి లాతూరు నగరమునకు రైలుబండిలో త్రాగునీరు తేవలసివచ్చెను. ఒకే నది, ఎగువ ఊరికి దాహము, దిగువ ఊరికి బీడు. నదికి సరిహద్దులు తెలియవు గాని కరవునకును అవి తెలియవు.

కాలువ తప్పిన చోట బోరుబావి వచ్చెను. చెరువు నలుగురిని ఒక కట్టమీదికి చేర్చినది. బోరు ఎవరి గట్టు లోపల వారిని నిలిపెను. ప్రక్కవాని బోరు నూరడుగులైన తనది రెండు నూరులు కావలెను. భూమి క్రింద నీరొక్కటేయని తెలిసియు పైన పందెము సాగెను. గోదావరి మీద పోచంపాడువద్ద 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు శ్రీరామసాగరమయ్యెను. దాని వెనుక జలములను అలీసాగరు, గుత్ప ఎత్తిపోతలద్వారా నిజాంసాగరు చివరి ఆయకట్టునకు మళ్లించిరి. మంజీరా తీర్చలేని ఋణమును గోదావరి కొంత తీర్చినది. అయినను ఎత్తిన నీటికి కరెంటు ఖర్చు గలదు. ఉచితముగా పారిన నీటికంటె దానిని మరింత పొదుపుగా వాడవలెను.

చెరకు కథయు ఇట్లే మలుపు తిరిగెను. 2002లో కర్మాగారము ప్రైవేటు భాగస్వామ్యములోనికి మారెను. 2015 డిసెంబరులో గానుగ ఆగిపోయెను. తెరిపింతుమను మాట ఆ తరువాత పలుమార్లు వినబడినది. కార్మికుని యింట జీతము నిలిచెను; రైతు చెరకును దూరపు కర్మాగారములకు తోలవలసివచ్చెను, లేదా వరివైపు మరలవలసివచ్చెను. దారిలో ఎండిన గడ తూకము తగ్గును. తగ్గిన తూకము ఎవరి వంతు? నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతములలో పసుపు రైతులున్నారు. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయము నిజామాబాదులో ఏర్పడినది. ఆర్మూరు దాపుననున్న అంకాపూరు గ్రామము విత్తనోత్పత్తిలోను, కూరగాయల సాగులోను పేరు గన్నది. ఆ ప్రాంతపు ఎర్రజొన్న విత్తనము ఉత్తరదేశములకు పశుగ్రాసపు పంటకై పోవుచున్నది. జొన్న పండించు రైతు పళ్లెములో జొన్నరొట్టె అరుదగుటయు, చక్కెర వ్యాధి వచ్చిన పిదప వైద్యుని మాటమీద అది మరల పళ్లెమునకు వచ్చుటయు, నవ్వవలసిన విషయమో విచారింపవలసిన విషయమో ఇల్లాండ్రే చెప్పవలెను.

ఇట్లని పాతకాలమంతయు బంగారమనుట న్యాయము కాదు. చెరువు కాలమున భూమిలేని కూలికి దమాషాలో భాగము లేదు. వెట్టి యుండెను, కరవు వచ్చిన వలస యుండెను. నిజాంసాగరు వచ్చి లక్షల కడుపులు నింపెను. పాతదానిని మరల తెచ్చుట ఎవరికిని సాధ్యము కాదు; అందలి న్యాయమును క్రొత్త నీటికి వర్తింపజేయుట సాధ్యము. 2015 మార్చి 12న సదాశివనగరు పాతచెరువువద్ద ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమమున చెరువుల పూడిక తీసి ఆ మట్టిని పొలములకు తోలుకొనిరి. చెరువుకు లోతు, చేనికి సారము. ఒకే తట్టతో రెండు మేళ్లు. కాని తీసిన పూడిక మరల చేరును. దానిని ఏటేట కొంచెముగా తీయు ఊరు లేనిదే ఏ పథకమును శాశ్వతము కాదు.

ఇక్కడనే గ్రంథాలయమునకు పని గలదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపింపబడిన నాటినుండి తెలంగాణమున గ్రంథాలయము కేవలము కాలక్షేపపు చోటు కాదు. అది ఊరికి కన్ను తెరచు చోటు. తూకపు చీటీమీద అంకెను చదువలేని రైతు ఎన్ని టన్నులు పండించినను బీదవాడే. అందుచేత గ్రామ గ్రంథాలయమునందు కథలు, కావ్యములతోబాటు మూడు దస్త్రము లుండవలెను. ఏ యేట ఎంత వాన కురిసినది, చెరువు ఎప్పుడు మత్తడి పోసినది, బావులలో నీరెంత లోతున నున్నదియు తెలుపు నీటి దస్త్రమొకటి. ఏ చేనిలో ఏ విత్తనము, ఎంత దిగుబడి, ఏ ధర అను పంట దస్త్రమొకటి. ఊరి ముసలమ్మలు చెప్పు వంటలు, ధాన్యపు నిలువ పద్ధతులు వ్రాసియుంచు అన్నపు దస్త్రమొకటి. మూడవదానిని వ్రాయు పని బడిపిల్లలకు అప్పగించిన, వారికి చదువును వచ్చును, నాయనమ్మతో మాటలాడు తీరికయు కలుగును.

దస్త్రము నీటిని పుట్టింపదను మాట నిజమే. కాని అది తగవును తీర్చును. చివరి మడికి మూడేండ్లుగా నీరు రాలేదని నోటిమాటగా చెప్పిన వినువారుండరు. వ్రాతగా చూపిన అధికారియు తలయెత్తి చూడవలెను, పై మడివాడును తల దించుకొనవలెను. గ్రంథాలయపు బల్లచుట్టు పాత ఊరివారును, క్యాంపువారును, భూమి కలవారును, కూలిజనమును కూర్చుండి ఆ పుట తిరుగవేసిన దినమున, చెరువుకట్టమీద కోల్పోయిన చోటు వారికి మరల దొరకినట్లే.

ఏకచక్రపురపు కథ భీమునితో ముగిసినదని అందరును తలంతురు. ప్రతి కరవునకును ఒక భీముడు రాడు. ప్రభుత్వము రావచ్చును, రాకపోవచ్చును; కర్మాగారము తెరువవచ్చును, తెరువకపోవచ్చును. ఊరిలో మిగులునది గడ్డిపరక చేతబట్టిన పసివాడే. ఆ పరకకు బదులు వాని చేతికి ఒక కలము, ఒక పుస్తకము అందించుటయే ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చేసిన పని. ఎండిపోయిన పొలము పొరుగువాని వంతు మాత్రమే యని ఏ యింటివారును తలుపు మూసికొననంతవరకు ఈ ఊరు నిలుచును. ఊరు నిలిచినంతవరకు ఈ దీపము వెలుగును.

స్వస్తి.